ఉత్ప్రేరకానికి పాపం అంటుతుందా?

కిందటి దసరాకి అయిజ వెళ్ళాను. చిన్నమ్మ వాళ్ళ ఇల్లు ఊరి చివర, విత్తన పత్తి చేలకు దగ్గర. క్రాసింగు పని ఆఖరికొచ్చింది కాబట్టి ఇంట్లో మనుషులు దొరికారు. రెండు నెలల ముందు వెళ్తే తాళం కప్ప మాత్రమే పలకరించేది. సాయంత్రం అరుగు మీద ముగ్గురం కూర్చున్నాం, నేను, చిన్నమ్మ, తమ్ముడు. తమ్ముడంటే చిన్నమ్మ కొడుకు. రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేశాడు. పల్లాడియం అనే లోహంతో కర్బన అణువుల్ని ఒకదానికొకటి అతికించడం మీద ఆరేళ్ళు పనిచేసి, ఇప్పుడు పంటల మందులు తయారుచేసే ఒక కంపెనీలో పరిశోధన విభాగంలో ఉన్నాడు.

చిన్నమ్మ ఉన్నట్టుండి అడిగింది. "ఇన్నేండ్లు సదివినవు. నువ్వు చేసే పనేందో నాకు ఇప్పటికీ తెల్వదు. ఎవరన్న అడిగితే మందుల కంపెనీ అంటున్న. ఏం మందు అంటే నోరు మూసుకుంటున్న."

వాడు పాఠం చెప్పే గొంతు పెట్టాడు. "పెండ్లిండ్లకు మధ్యవర్తి ఉంటడు సూడు. ఈ ఇంటోళ్ళను ఆ ఇంటోళ్ళను కలుపుతడు. పెండ్లయినంక పక్కకు తప్పుకుంటడు, ఇంకో పెండ్లికి పోతడు. తన ఒంటికేం అంటదు. పల్లాడియం గట్లాంటిది. నేను మంచి మధ్యవర్తులను తయారుచేస్త."

చిన్నమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "పెండ్లి చెడితే ముందుగాల పట్టుకునేది మధ్యవర్తినే గదప్పా?"

వాడు నవ్వాడు, నేనూ నవ్వాను. హైదరాబాదు తిరిగొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. నాది సాహిత్యం, రసాయన శాస్త్రం ఇంటర్మీడియట్‌తోనే ఆగిపోయింది. అయినా పట్టుబట్టి వాడి దగ్గర పాఠాలు చెప్పించుకున్నాను. ఈ వ్యాసం అందులోంచి వచ్చిందే. తప్పులుంటే నావి.

*

ఉత్ప్రేరకం గురించి మనందరికీ గుర్తున్న వాక్యం ఒకటే: చర్య వేగాన్ని పెంచుతుంది, తాను మాత్రం మార్పు చెందదు. 1835లో స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్ ఈ గుణానికి ఒక పేరు పెట్టాడు. ఆ తర్వాత ఆస్ట్‌వాల్డ్ దాన్ని వేగం భాషలో నిర్వచించాడు, 1909లో నోబెల్ అందుకున్నాడు. సమీకరణం రాసేటప్పుడు ఎడమవైపు కలిసేవి, కుడివైపు పుట్టేవి, మధ్యలో బాణం. ఉత్ప్రేరకాన్ని ఈ పక్కా రాయం, ఆ పక్కా రాయం. బాణం మీద రాస్తాం, కొంచెం చిన్న అక్షరాల్లో. లెక్కలో అది లేదు, పనిలో ఉంది.

అయితే "మార్పు చెందదు" అన్నది అబద్ధం. కనీసం సగం అబద్ధం. పల్లాడియం ఏం చేస్తుందో తమ్ముడు నాకు కాగితం మీద గీసి చూపించాడు. మొదట అది ఒక అణువులో కర్బనానికీ బ్రోమిన్‌కీ మధ్య ఉన్న బంధంలోకి దూరుతుంది. దూరడానికి తన ఎలక్ట్రాన్లు రెండింటిని వదులుకుంటుంది. తర్వాత రెండో అణువులోని ముక్కని కూడా తన మీదకు తెచ్చుకుంటుంది. ఇప్పుడు రెండు ముక్కలూ ఒకే లోహానికి రెండు చేతుల్లా అంటుకుని ఉంటాయి. అప్పుడు వాటిని ఒకదానితో ఒకటి కలిపి వదిలేసి, తన ఎలక్ట్రాన్లు తాను వెనక్కి తీసుకుని మొదటి స్థితికి వస్తుంది. మళ్ళీ ఇంకో జంట. 2010లో రిచర్డ్ హెక్, నెగీషి, సుజుకిలకు నోబెల్ వచ్చింది ఇలాంటి అతుకుల పద్ధతులకే. ఇవాళ మనం మింగే మాత్రల్లో, పొలాల్లో చల్లే మందుల్లో, ఫోన్ తెరల్లోని పదార్థాల్లో ఈ అతుకులు ఎన్నో ఉన్నాయి.

అంటే అది మారకపోవడం కాదు, మారి తిరిగి రావడం. ప్రతిసారీ తిరిగి రాదు కూడా. కొన్ని వందలో వేలో తిరుగుళ్ళు తిరిగాక పల్లాడియం పరమాణువులు ఒకదానికొకటి అంటుకుని నల్లటి మడ్డిగా ఫ్లాస్కు అడుగున చేరతాయి. కొన్ని జారిపోయి సరుకులో కలుస్తాయి. అందుకే నోటితో వేసుకునే మందుల్లో మనిషికి రోజుకు 100 మైక్రోగ్రాములు దాటి పల్లాడియం అందకూడదని అంతర్జాతీయ నియమం పెట్టుకున్నారు. "మార్పు చెందదు, సరుకులో ఉండదు" అన్నది పూర్తిగా నిజమైతే ఆ నియమం అవసరమే ఉండేది కాదు.

*

మన దగ్గర దీనికి ముందే ఒక మాట ఉంది: నిమిత్తమాత్రుడు. యుద్ధం చేయనని కూర్చున్న అర్జునుడికి కృష్ణుడు చెప్పింది అదే. వీళ్ళంతా ఎప్పుడో చచ్చారు, నువ్వు నిమిత్తానివి మాత్రమే అని. ఆ మాటని మనం ఎంత వాడేశామంటే, సన్మాన సభల్లో పొగడ్తకు సిగ్గుపడేవాడూ అదే అంటాడు, కోర్టు మెట్ల మీద నిందకు భయపడేవాడూ అదే అంటాడు.

కానీ తర్కశాస్త్రంలో నిమిత్తం ఇంత చవక కాదు. తెలుగువాడని చెప్పుకునే అన్నంభట్టు తర్కసంగ్రహంలో కారణాలు మూడు రకాలంటాడు. బట్టకు దారాలు సమవాయి కారణం. ఆ దారాల కలయిక రెండోది. నాడె, మగ్గం నిమిత్త కారణాలు. గద్వాల చీర నేసే ఇళ్ళ మధ్య పెరిగినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. చీరలో నాడె ఉండదు, నాడె లేకుండా చీర ఉండదు. నిమిత్తం అంటే కారణం కాకపోవడం కాదు, అది కారణాల్లో ఒకటి.

నైయాయికులు ఇంకో గమ్మత్తు చేశారు. కారణం కాని దాన్ని విడదీయడానికి ఒక గాడిదను తెచ్చారు. కుమ్మరి మట్టిని గాడిద మీద వేసుకొచ్చాడు. కుండ తయారైంది. గాడిద కుండకు కారణమా? కాదు అన్నారు. ఎందుకంటే మట్టిని బండి మీదా తేవచ్చు, నెత్తి మీదా తేవచ్చు. ఆ గాడిద లేకున్నా కుండ పుట్టేది.

ఇది చెప్పగానే తమ్ముడు లేచి కూర్చున్నాడు. "అక్కా, మా ల్యాబుల్లో అందరూ అనుకునేది ఇదే. నేను చేయకపోతే ఇంకొకడు చేస్తాడు. అంటే నేను కుండకు గాడిదను."

ఈ వాదం చాలా బలమైనది. పైగా ఉత్ప్రేరకం స్వభావంలోనే దీనికి ఆసరా ఉంది. ఎంత గొప్ప ఉత్ప్రేరకమైనా జరగడానికి వీల్లేని చర్యను జరిపించలేదు. శక్తి లెక్కల ప్రకారం జరగాల్సి ఉన్నదాన్నే అది తొందరపెడుతుంది. కాబట్టి "అదెలాగూ జరిగేదే" అనుకోవచ్చు.

నాకు మాత్రం ఇక్కడే మెలిక కనిపించింది. నా బల్ల మీద పుస్తకాలున్నాయి. కాగితమూ గాలిలోని ఆక్సిజనూ కలిసి బూడిద, ఆవిరి, పొగ అయిపోవడమే శక్తి లెక్కల ప్రకారం వాటి గమ్యం. వజ్రం కూడా ఏదో ఒకనాటికి గ్రాఫైటు కావాల్సిందే. అయినా మనం వజ్రాలు కొంటున్నాం, పుస్తకాలు దాచుకుంటున్నాం. ఎందుకంటే "ఎలాగూ జరిగేది" అన్నదానికీ "మన బతుకుల్లో జరిగేది" అన్నదానికీ మధ్య ఉన్నదంతా వేగమే. మనిషి వందేళ్ళు బతికే జీవి. వాడి లెక్కలో పదివేల ఏళ్ళకు జరిగేది జరగనట్టే. నేను కాకపోతే ఇంకొకడు పదేళ్ళ తర్వాత చేసేవాడేమో, ఆ పదేళ్ళలో ఎంతమంది ఉన్నారు? ప్రాణం నిలిపే మందు గురించైతే ఈ పదేళ్ళను మనం గర్వంగా లెక్కేసుకుంటాం. అలాంటప్పుడు విషం దగ్గరికి వచ్చేసరికి పదేళ్ళు సున్నా ఎలా అవుతాయి?

ఇంకో సంగతి, ఉత్ప్రేరకం పని తొందరపెట్టడం ఒక్కటే కాదు, దారి ఎంచడం కూడా. అవే ఇథిలీన్, ఆక్సిజన్ తీసుకుని వెండి మీద పంపితే ఇథిలీన్ ఆక్సైడ్ వస్తుంది. పల్లాడియం, రాగి లవణాల ద్రావణంలో పంపితే అసిటాల్డిహైడ్ వస్తుంది. కలిసేవి మారలేదు. బాణం మీద రాసింది మారింది, కుడివైపు వేరేది పుట్టింది. గాడిదకు ఈ శక్తి లేదు. ఏ గాడిద మోసినా అదే కుండ.

*

అసిటాల్డిహైడ్ అన్నాను కాబట్టి మినమాటా దగ్గర ఆగాలి. కర్బన లోహ సమ్మేళనాల గురించి నీతి ప్రశ్న వేసుకునేవాళ్ళు ఎటు తిరిగినా అక్కడికే చేరతారు.

జపాన్ దక్షిణాన క్యూషూ దీవిలో ఒక చిన్న సముద్రతీరపు ఊరు మినమాటా. అక్కడ చిస్సో కంపెనీ 1932 నుంచి అసిటిలీన్ వాయువుతో అసిటాల్డిహైడ్ తయారుచేసేది. ఉత్ప్రేరకం పాదరసపు లవణం. పాఠం ప్రకారం పాదరసం మారకుండా మిగలాలి. కొంచెం పాదరసం మాత్రం చర్య మధ్యలో కర్బనాన్ని పట్టుకుని మిథైల్ పాదరసంగా మారింది. అది మురుగు నీటితో సముద్రంలోకి పోయింది. నాచులోంచి చిన్న చేపలోకి, చిన్న చేపలోంచి పెద్ద చేపలోకి, అక్కడినుంచి జాలరి పళ్ళెంలోకి. మొదట పిల్లులు పిచ్చెత్తినట్టు గెంతి సముద్రంలో పడి చచ్చాయి. తర్వాత మనుషులకు చేతులు వణికాయి, చూపు కుంచించుకుపోయింది, మాట పడిపోయింది. కడుపులోని బిడ్డలకూ సోకింది. అధికారికంగా గుర్తించిన బాధితులే రెండు వేలకు పైన. గుర్తింపు కోసం దశాబ్దాల పాటు తిరిగినవాళ్ళు ఇంకా ఎన్నో రెట్లు.

నన్ను ఎక్కువ కదిలించింది 1951. ఆ ఏడాది ఫ్యాక్టరీలో ఒక చిన్న మార్పు చేశారు. పాదరసం చురుగ్గా ఉండటానికి తోడుగా వేసే మాంగనీస్ డయాక్సైడ్‌ను ఆపి, దాని బదులు ఇనుప సల్ఫైడ్ వాడారు. ఏదో ఒక గదిలో, ఏదో ఒక ఉదయం, ఎవరో కొందరు కెమిస్టులు ఆ నిర్ణయం తీసుకుని ఉంటారు. చెడు చేయాలని కాదు, ప్రక్రియ మెరుగుపడాలని. ఆ మార్పుతో పక్కదారిన పుట్టే మిథైల్ పాదరసం పెరిగిందని చాలా ఏళ్ళ తర్వాత తేలింది. ఆ కెమిస్టుల పేర్లు మనకెవరికీ గుర్తులేవు. వాళ్ళ సీవీల్లో అది ఒక ప్రాసెస్ ఇంప్రూవ్‌మెంట్ అయ్యుంటుంది.

గుర్తున్న పేరు ఒక డాక్టరుది. హోసొకావా హజిమె, చిస్సో ఫ్యాక్టరీ ఆసుపత్రి పెద్ద. 1956 మే 1న ఈ అంతుచిక్కని జబ్బు గురించి ఆరోగ్య కేంద్రానికి మొదట తెలియజేసింది ఆయన ఆసుపత్రే. 1959లో ఆయన సొంతంగా ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీ మురుగునీటిని పిల్లికి అన్నంలో కలిపి పెట్టాడు. ఆ పిల్లి నంబరు 400. అక్టోబరుకల్లా దానికి అవే వణుకులు, అవే మూర్ఛలు. కంపెనీకి చెప్పాడు. ప్రయోగం ఆపమన్నారు. ఆపాడు. బయట ఎవరికీ చెప్పలేదు. పదకొండేళ్ళు చెప్పలేదు. 1970లో క్యాన్సరుతో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు కోర్టు వాళ్ళు అక్కడికే వచ్చి సాక్ష్యం తీసుకుంటే చెప్పాడు. అదే ఏడాది పోయాడు. 1973లో బాధితుల పక్షాన తీర్పు వచ్చినప్పుడు ఆ సాక్ష్యం బాగా పనికొచ్చింది.

ఆయన్ని ఏమనాలి? మొదట తెలియజేసినవాడూ ఆయనే, తెలిసీ దాచినవాడూ ఆయనే, చివరికి చెప్పినవాడూ ఆయనే. నాకు ఆయన మీద కోపం రాదు, గౌరవం పూర్తిగా రాదు. జీతం ఇచ్చే చెయ్యి నోరు మూసినప్పుడు నేను ఏం చేసేదాన్నో నాకు తెలియదు.

1959 గురించి ఇంకొక్క మాట. పిల్లి 400 వణికిన ఆ ఏడాదే జర్మనీలో వాకర్ కంపెనీ వాళ్ళు ఇథిలీన్‌ను పల్లాడియంతో అసిటాల్డిహైడ్‌గా మార్చే పద్ధతిని ప్రకటించారు. నేను పైన చెప్పింది అదే. పాదరసం అక్కర్లేని దారి లోకంలోకి వచ్చింది. చిస్సో మినమాటాలో పాదరసంతో అసిటాల్డిహైడ్ చేయడం ఆపింది 1968లో. ఆ తొమ్మిదేళ్ళను ఏ సమీకరణంలో రాయాలి?

*

ఇదంతా చదివి, రసాయన శాస్త్రమే పాపమని తేల్చేస్తే అది బద్ధకం. మన తార్నాకలో ఉన్న ఐఐసీటీ సంగతే చూడండి. 1944లో నిజాం ప్రభుత్వ ప్రయోగశాలగా మొదలైంది. అక్కడ ఎ.వి. రామారావు బృందం ఎయిడ్స్‌కు వాడే ఏజెడ్‌టీ మందును చవగ్గా తయారుచేసే దారి కనిపెడితే, సిప్లా దాన్ని 1990ల మొదట్లో మార్కెట్లోకి తెచ్చింది. ఆ మందు అప్పట్లో బయట ఎంత ఖరీదో తెలిసినవాళ్ళకు ఆ దారి విలువ తెలుస్తుంది. అక్కడే బోయపాటి మనోరంజన్ చౌదరి, మన్నేపల్లి లక్ష్మీకాంతం వాళ్ళు నా తమ్ముడి పల్లాడియం మీదే చాలా ఏళ్ళు పనిచేశారు. మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్ల పొరల మీద పల్లాడియంను అతిచిన్న కణాలుగా నిలిపి, ఖరీదైన లిగాండ్లు లేకుండానే, మొండికేసే క్లోరిన్ సమ్మేళనాలను కూడా అతికించవచ్చని 2002లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో చూపించారు. పని అయ్యాక వడకట్టి తీసి మళ్ళీ వాడుకోవచ్చు. నాకు అందులో నచ్చింది నైపుణ్యం కన్నా ఆ వడకట్టడం. ఉత్ప్రేరకం ఎక్కడికి పోతుందో పట్టించుకున్నారు.

ఇలాంటి పరిశోధనల్లో ఒక పరీక్ష ఉందట. చర్య సగంలో ఉండగా వేడివేడిగానే వడకట్టి, ఆ తేటను అలాగే వేడి చేస్తారు. చర్య ఆగిపోతే లోహమంతా జల్లెడలోనే ఉన్నట్టు. సాగుతూ ఉంటే కొంత లోహం జారి తేటలోకి వచ్చినట్టు. ఉత్ప్రేరకం చెప్పే "నేను మారలేదు, నేను అంటలేదు" అన్న మాటను నమ్మకుండా పరీక్షించడమన్నమాట.

ఆ నగరానికే ఇంకో పక్కన పటాన్‌చెరు ఉంది. అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రానికి దాదాపు 90 మందుల ఫ్యాక్టరీల మురుగు చేరేది. స్వీడన్ నుంచి వచ్చిన లార్సన్ బృందం ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షించి 2007లో ఫలితం ప్రచురించింది: లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. ప్రాణాలు నిలిపే మందే. దాన్ని చవక చేసిన కెమిస్టులూ మంచివాళ్ళే. వాగు నీళ్ళు మాత్రం తాగడానికి లేకుండా పోయాయి.

తమ్ముడు తన కథ ఒకటి చెప్పాడు. ఏ ల్యాబో చెప్పను. పల్లాడియం కణాలుగా పనిచేస్తోందా, కరిగి పనిచేస్తోందా తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి, ఫ్లాస్కులో పాదరసం చుక్క వేయడం. చర్య ఆగిపోతే పల్లాడియం కణాల రూపంలో ఉన్నట్టు. వాడు అలాంటివి పాతిక ముప్పై చేసి ఉంటాడు. పని అయ్యాక ఆ పాదరసాన్ని వ్యర్థాల డబ్బాలో పోసేవాడు. నెలకోసారి బండి వచ్చి డబ్బాలు తీసుకెళ్ళేది. "ఆ బండి ఎక్కడికి పోతదో ఆరేండ్లల్ల నేను ఒక్కసారి అడగలేదక్కా. పేపర్ల రాసిన, మెర్క్యురీ పాయిజనింగ్ టెస్ట్ అని. మినమాటా గురించి కూడా చదివిన. రెండూ ఒకటే పాదరసమని తట్టలే."

*

ఇక్కడిదాకా నేను ఆలోచించింది సైంటిస్టుల గురించే. అయిజ వైపు చూస్తే బాణం మీద రాసేవాళ్ళు ఇంకా కనిపిస్తారు.

కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న ఈ నడిగడ్డలో హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తారు. మన దేశంలో ఈ విత్తనం ఎక్కువగా చేతులతోనే తయారవుతుంది. సాయంత్రం పూట, మర్నాడు విచ్చుకోబోయే ఆడ వరుస మొగ్గను పట్టుకుని, బొటనవేలి గోటితో రేకుల్నీ కేసరాల్నీ ఒలిచేస్తారు. పొద్దున్నే మగ వరుస పువ్వు కోసి, దాని పుప్పొడిని ఒలిచిన పువ్వు కొనకు రుద్దుతారు. ఒక మగపువ్వుతో నాలుగైదు ఆడపువ్వులు. మళ్ళీ సాయంత్రం, మళ్ళీ పొద్దున. రెండు మూడు నెలలు. రెండు మొక్కల్ని కలిపి తాను తప్పుకునే చెయ్యి అది. విత్తనం సంచిలో దాని ఆనవాలు ఉండదు. చిన్నమ్మ అలాంటి చెయ్యే. తొమ్మిదో ఏట మొదలుపెట్టింది. చిన్న వేళ్ళైతే మొగ్గ చెడదని పెద్దవాళ్ళు చెప్పేవారట. చిన్న వేళ్ళకు కూలి తక్కువన్నది అసలు సంగతి. దావులూరి వెంకటేశ్వర్లు లాంటి పరిశోధకులు ఏళ్ళ తరబడి చేలల్లో తిరిగి రాసినదాని ప్రకారం ఈ పనికి పెట్టుకున్న పిల్లల్లో ఎక్కువమంది ఆడపిల్లలే. తర్వాత గొడవలు, కేసులు, ప్రచారాలు జరిగాయి, కొంత తగ్గింది.

కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజరు ఉంటాడు. కంపెనీ కాగితం ఇచ్చేది అతనికి. అతను రైతుకు అప్పిస్తాడు, విత్తనం తీసుకుంటాడు, జన్యు స్వచ్ఛత పరీక్ష ఫెయిలైందని కబురు తెస్తాడు. బడి మానిన పిల్ల సంగతి అడిగితే కంపెనీ "మేం పొలంలోకి పోం" అంటుంది. ఆర్గనైజరు "నేను మధ్యవర్తిని" అంటాడు. రైతు "నా చేతిలో ఏముంది" అంటాడు. అందరూ నిమిత్తమాత్రులే. పిల్ల ఒక్కతే సమవాయి కారణం.

ఇక్కడ నా మనసు ఒక లెక్క దగ్గర ఆగింది. చిన్నమ్మా మధ్యవర్తే, తమ్ముడూ మధ్యవర్తే, ఆర్గనైజరూ మధ్యవర్తే, చిస్సో కెమిస్టూ మధ్యవర్తే. "మధ్యవర్తికి పాపం అంటుతుంది" అని ఒక్క గీత గీస్తే తొమ్మిదేళ్ళ పిల్ల కూడా దాని కిందకొస్తుంది. మాంసం తినడం గురించి మనుస్మృతిలో అలాంటి జాబితానే ఉంది: ఒప్పుకున్నవాడు, కోసినవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, అందరూ హంతకులే. (ఆ పుస్తకాన్ని వేరే ఏ విషయంలోనూ నేను సాక్ష్యానికి పిలవను.) అందరికీ సమానంగా పంచితే ఎవరికీ బరువుండదు. తిరిగి తిరిగి మడ్డిగా మారిపోయే ఉత్ప్రేరకాన్నీ, దాన్ని ఎంచుకుని ఫ్లాస్కులో వేసే చేతినీ ఒకే తాసులో తూచకూడదు. చిన్నమ్మకు దారి ఎంచే వీల్లేదు. ఆమె చెయ్యి కాదంటే పక్కింటి పిల్ల చెయ్యి వచ్చేది. గాడిద వాదం నిజంగా చెల్లేది ఆమెకే. కాని ఆమె దాన్ని ఎప్పుడూ వాడుకోలేదు. వాడుకునేది ఎంచగలిగినవాళ్ళే.

*

ఇక తమ్ముడి అసలు సంగతి. ఇది వాడు ఆరోజు అరుగు మీద, పెండ్లి మధ్యవర్తి జోకు తర్వాత, చాలాసేపు ఊరుకుని చెప్పాడు.

కంపెనీలో వాడి పని ఒక తెగులు మందుకు కావాల్సిన అణువును పల్లాడియంతో అతికించడం. రెండు బెంజీన్ వలయాలు. ఒకదాని మీద బోరాన్, దానికి ఎదురుగా చివరన క్లోరిన్. దాన్ని రెండో వలయంతో కలపాలి. గాలి తగలకుండా పాత్రలో ముందు నైట్రోజన్‌ను చాలాసేపు పంపుతారు. ఆ సమయాన్ని సగం చేస్తే ఖర్చు తగ్గుతుందని పైనుంచి అన్నారు. చేశాడు. సరుకు బాగానే వచ్చింది. క్రోమటోగ్రఫీ కాగితం మీద మాత్రం కొత్తగా ఒక చిన్న గుట్ట లేచింది, 0.06 శాతం. మిగిలిన ఆక్సిజన్ వల్ల బోరాన్ ముక్కలు రెండో పక్షంతో కాకుండా తమలో తామే కలిసిపోయాయి. అలా కలిస్తే వచ్చేది రెండు క్లోరిన్లున్న బైఫినైల్. ప్రపంచమంతా స్టాక్‌హోం ఒప్పందంతో వదిలించుకోవాలని చూస్తున్న పీసీబీల కుటుంబంలోది.

మామూలు కల్మషాలను 0.1 శాతం నుంచి రిపోర్టు చేయాలి. ఇది అంతకన్నా తక్కువ. "లిమిట్ లోపలే ఉంది కదా" అన్నారు పైవాళ్ళు. కాని విషం ఉన్న కల్మషానికి ఆ గీత వర్తించదు, ఎంత చిన్నదైనా చూడాలి. ఎందుకో తమ్ముడికి తెలుసు. 1976లో పాకిస్తాన్‌లో మలేరియా దోమలకు మలాథియాన్ చల్లిన కూలీల్లో దాదాపు 2,800 మంది జబ్బుపడ్డారు, ఐదుగురు చనిపోయారు. కారణం మలాథియాన్ కాదు, నిల్వలో, తయారీలో అందులో పుట్టిన ఐసోమలాథియాన్ అనే కల్మషం. చల్లినవాళ్ళ చేతులకు అంటింది, చేసినవాళ్ళ చేతులకు కాదు.

తమ్ముడు రాశాడు. మెయిల్ పెట్టాడు, ల్యాబ్ నోట్‌బుక్కులో తేదీ వేసి, గుట్ట ఫొటో అంటించి, పక్కవాడితో సాక్షి సంతకం చేయించాడు. చివరి రిపోర్టులో ఆ పేరా లేదు. నైట్రోజన్ సమయం సగమే ఖాయమైంది. వాడిని ఇంకో ప్రాజెక్టుకు మార్చారు. ఎవరూ తిట్టలేదు. ఇల్లు కొన్న అప్పుకు నెలనెలా కంతు కడుతున్నాడు.

"నేను జేయాల్సింది జేసిన గదా అక్కా?" అని నన్ను అడిగాడు. నాకు హోసొకావా గుర్తొచ్చాడు. ఆయనా కంపెనీకి చెప్పాడు. అంతవరకు ఇద్దరూ ఒకటే. ఆ మాట పైకి అనలేకపోయాను.

చిన్నమ్మకు క్లోరినూ బైఫినైలూ అర్థం కాలేదు గానీ మిగిలింది అర్థమైంది. పత్తికాయ ఒలుస్తూనే అంది.

"పిల్లగాడికి రోగముందని మగపెండ్లోళ్ళ పెద్దమనిషికి చెప్పినవు. సరే. పిల్ల తల్లికి చెప్పినవా?"

తమ్ముడు జవాబివ్వలేదు. కొంతసేపటికి పక్కచేను ఆయన పంపు భుజాన వేసుకుని, చేతిలో మందు సీసాతో వచ్చాడు. సారు ఊర్లోనే ఉన్నాడని విని, సీసా మీద ఏం రాసుందో చదివి చెప్పమని. చీటీ మీద పసుపు త్రికోణం ఉంది. తమ్ముడు ఫోన్ లైటు వేసి చిన్న అక్షరాలను చివరిదాకా చదివి, చేతులకు తొడుక్కోవడానికి ఇంట్లో ఏమున్నాయో అడిగాడు. ఆయన ఏమీ లేవన్నాడు. వాడు చెప్పులేసుకుని దుకాణం మూసేలోపు బజారుకు పోయాడు.